ఐర్లండ్‌లో ఆదివారం పూజకు జనం ఎందుకు తగ్గారు?

(గుంటూరులో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పెద్దలకూ, మిత్రులకూ నమస్కారం.

క్రైస్తవం తగ్గి, మతం లేదనేవాళ్లు పెరుగుతున్న దేశాల గురించి మాట్లాడమన్నారు. ఇంగ్లండ్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, చెక్ దేశం, ఇలా చాలా ఉన్నాయి. తలా నాలుగు మాటలు చెప్పుకుంటూ పోతే ఏ ఒక్కటీ అర్థం కాదు. అందుకని ఒక్క ఐర్లండ్ గురించే చెబుతాను. మిగతా యూరప్‌లో రెండు మూడు వందల ఏళ్లు పట్టిన మార్పు అక్కడ ఒక మనిషి జీవితకాలంలో జరిగిపోయింది. 1960లో బాల్యంలో ఉన్నవాళ్లు ఇప్పుడూ బతికే ఉన్నారు, అప్పటి ఐర్లండ్‌నూ ఇప్పటి ఐర్లండ్‌నూ చూశారు.

ముందే ఒక మాట. నేను కాథలిక్ కుటుంబంలో పుట్టినవాణ్ణి. మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. జపమాల చెప్పకుండా మా ఇంట్లో రాత్రి అన్నం పెట్టేవాళ్లు కాదు. నేను చెప్పబోయేవాటిలో కొన్ని వినడానికి కష్టంగా ఉంటాయి. చెప్పడానికీ కష్టంగానే ఉంది. అయినా చెప్పాలి.

ముందు లెక్కలు చూద్దాం. 1961 జనాభా లెక్కల ప్రకారం ఐర్లండ్ రిపబ్లిక్‌లో వందకి 95 మంది కాథలిక్కులు. 1970ల మొదట్లో కాథలిక్కుల్లో పదికి తొమ్మిది మంది ప్రతి వారం చర్చిలో పూజకు వెళ్లేవాళ్లు. యూరప్‌లో అంతకు మించిన భక్తి దేశం ఇంకోటి చూపించడం కష్టం. 1979లో పోప్ రెండో జాన్ పాల్ వచ్చినప్పుడు డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో పది లక్షలకు పైగా జనం చేరారు. దేశ జనాభా అప్పటికి 34 లక్షలు. 2018లో పోప్ ఫ్రాన్సిస్ అదే పార్కులో పూజ చేసినప్పుడు లక్షన్నర దాకా వచ్చారు. 2022 లెక్కల్లో కాథలిక్కులు 69 శాతం. ఏ మతమూ లేదని రాసుకున్నవాళ్లు 7,36,210 మంది, అంటే 14 శాతం. 69 శాతం పెద్ద సంఖ్యే కదా అనిపిస్తుంది. కానీ అందులో చాలామంది పెళ్లికీ, జ్ఞానస్నానానికీ, చావుకీ తప్ప గుడి గడప తొక్కరు.

ఎందుకిలా అయిందని అడిగితే మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. డబ్బు పెరిగితే దేవుడు గుర్తుకురాడు అనేది ఒకటి. చదువూ సైన్సూ వచ్చాక నమ్మకం పోతుంది అనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కాదనను. 1967 నుంచి అక్కడ హైస్కూలు చదువు ఉచితమైంది. 1990లలో ఐర్లండ్ బాగా సంపాదించింది. అయితే 2008 తర్వాత బ్యాంకులు కూలాయి, 2010లో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎమ్ఎఫ్) ముందు చేయి చాచాల్సి వచ్చింది, పిల్లలు మళ్లీ ఆస్ట్రేలియాకీ కెనడాకీ వలసపోయారు. ఆ కష్టకాలంలో జనం గుడికి తిరిగి రాలేదు. డబ్బే కారణమైతే రావాలి కదా? మన సంగతే చూడండి. చేతిలో నాలుగు రూపాయలు ఆడిన ప్రతి ఊళ్లోనూ గుళ్లూ చర్చిలూ ఇంకా పెద్దవవుతున్నాయి.

నా ఉద్దేశంలో అసలు కారణం చర్చి చేతికి చిక్కిన ప్రభుత్వ అధికారం. అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఐర్లండ్ భక్తి అనాదిగా ఉన్నదని మనం అనుకుంటాం. వాళ్లూ అలాగే అనుకునేవాళ్లు. నిజానికి 1840లకు ముందు పల్లెల్లో, ముఖ్యంగా పడమటి జిల్లాల్లో, ప్రతి ఆదివారం పూజకు వెళ్లేవాళ్లు సగం కూడా ఉండేవాళ్లు కాదు. గుళ్లు తక్కువ, గురువులు (చర్చి ఫాదర్లు) తక్కువ. పవిత్రమైన బావుల దగ్గర మొక్కులు, చావింట్లో రాత్రంతా జాగారం, ఇదీ వాళ్ల మతం. 1845లో బంగాళాదుంప పంటకు తెగులొచ్చింది. ఆ కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. పోయినవాళ్లలో ఎక్కువమంది నిరుపేదలు, కూలీలు. మిగిలినవాళ్లలో కాస్తో కూస్తో భూమి ఉన్న రైతుల మాట చెల్లుబాటయింది.

ఆ తర్వాత డబ్లిన్ ఆర్చిబిషప్ పాల్ కల్లెన్ చర్చిని కొత్తగా నిలబెట్టాడు. గుళ్లు కట్టించాడు, మఠాలు పెంచాడు, రోమ్ పద్ధతులు తెచ్చాడు, ప్రతి ఆదివారం పూజకు వెళ్లడం జనానికి అలవాటు చేశాడు. మనం ఐర్లండ్ భక్తి అని చెప్పుకునేది చాలావరకు అప్పుడు తయారైందే. ఇంగ్లీషు ప్రొటెస్టంట్ దొరల కింద నలిగిన జనానికి తమ చర్చి తమ ఉనికి కూడా అయింది. ఆ ప్రేమ నకిలీది కాదు. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

కానీ ఆ భక్తి వెనక భూమి లెక్క ఒకటి నడిచింది. కరువుకు ముందు పొలాన్ని కొడుకులందరికీ పంచేవాళ్లు. పంచి పంచి చివరికి దుంపలు తప్ప ఏమీ పండని చెక్కలయ్యాయి. కరువు తర్వాత పొలం ఒక్క కొడుక్కే ఇవ్వడం మొదలైంది. ఒక కూతురికి కట్నం. మిగతా పిల్లలు గురువులో, సిస్టర్లో, వలస కూలీలో కావాలి. ఆ ఒక్క కొడుకైనా తండ్రి పొలం వదిలేదాకా పెళ్లి చేసుకోడు, నలభై ఏళ్లొచ్చినా సరే. ఇలాంటి ఇంట్లో పెళ్లి కాకుండా బిడ్డ పుడితే పొలం వ్యవహారమంతా తలకిందులవుతుంది. శరీరం గురించి చర్చి చెప్పిన కఠిన నీతీ రైతు ఇంటి అవసరమూ ఒకటైపోయాయి. పెళ్లికాని తల్లి మీద అక్కడ అంత కక్ష ఎందుకో నాకు ఈ భూమి సంగతి చదివాకే అర్థమైంది. భూమి పరువు కోసం ఆడపిల్లను ఇంట్లోంచి గెంటడం మన జిల్లాలవాళ్లకు నేను వివరించి చెప్పక్కర్లేదు.

1922లో స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. బడులు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు అప్పటికే చర్చి నడుపుతోంది, అలాగే వదిలేశారు. 1937లో ప్రభుత్వాధినేత డి వలేరా తెచ్చిన రాజ్యాంగం కాథలిక్ చర్చికి ప్రత్యేక స్థానం ఉందని రాసింది, విడాకులు నిషేధించింది. అప్పటికే గర్భనిరోధక సాధనాలు అమ్మకూడదని చట్టం ఉంది. 1951లో నోయెల్ బ్రౌన్ అనే ఆరోగ్యమంత్రి తల్లులకూ పదహారేళ్లలోపు పిల్లలకూ ఉచిత వైద్యం ఇద్దామన్నాడు. బిషప్పులు ఒప్పుకోలేదు. కుటుంబ వ్యవహారాల్లో ప్రభుత్వం తలదూర్చడం తప్పన్నారు. మంత్రివర్గం తలొంచింది, బ్రౌన్ రాజీనామా చేశాడు. వెళ్తూ వెళ్తూ బిషప్పులతో నడిచిన ఉత్తరాలన్నీ పత్రికలకిచ్చాడు. తాము ఓటేసిన ప్రభుత్వాన్ని నడిపేది ఎవరో జనం మొదటిసారి నలుపు తెలుపుల్లో చదివారు.

ఇక మఠాల లోపలి సంగతి. పెళ్లికాకుండా గర్భం వచ్చిన ఆడపిల్లల కోసం హోములు ఉండేవి. మాగ్డలీన్ లాండ్రీలని ఉండేవి, అక్కడ ఆడవాళ్లు జీతం లేకుండా బట్టలుతికేవాళ్లు. కొందరు అక్కడే ముసలివాళ్లయ్యారు. వాటిలో చివరిది మూతపడింది 1996లో. పేదపిల్లల కోసం పారిశ్రామిక పాఠశాలలు ఉండేవి. ప్రభుత్వం తలకి ఇంతని డబ్బిచ్చేది. పిల్లల సంఖ్య తగ్గితే డబ్బు తగ్గుతుంది. కోర్టులు పేదింటి పిల్లల్ని అక్కడికి పంపుతూనే ఉన్నాయి. ప్రభుత్వం వేసిన కమిషన్ 2009లో ఇచ్చిన ర్యాన్ నివేదిక ఆ పాఠశాలల్లో కొట్టడం మామూలు సంగతనీ, మగపిల్లల సంస్థల్లో లైంగిక హింస పాతుకుపోయిందనీ చెప్పింది. అదే ఏడాది ఇంకో కమిషన్ ఇచ్చిన మర్ఫీ నివేదిక డబ్లిన్ మేత్రాసనం (బిషప్ పాలన కింది ప్రాంతం) గురించి. పిల్లల కంటే రహస్యం, పరువు, ఆస్తి, వీటిని కాపాడుకోవడమే పెద్దలకు ముఖ్యమైందని తేల్చింది. తప్పు చేసిన గురువును పోలీసులకు అప్పగించకుండా ఒక విచారణ (ఒక గురువు కింద ఉండే పారిష్) నుంచి ఇంకో విచారణకు బదిలీ చేసేవాళ్లు. అక్కడ మళ్లీ పిల్లలు ఉండేవాళ్లు కదా!

గాల్వే జిల్లాలో ట్యూమ్ అనే చిన్న ఊరు. 1925 నుంచి 1961 దాకా అక్కడ సిస్టర్లు తల్లీబిడ్డల హోమ్ నడిపారు. కాథరిన్ కార్లెస్ అనే ఆవిడ అక్కడి మనిషి. ప్రొఫెసర్ కాదు, విలేకరీ కాదు. ఇల్లు చూసుకుంటూ ఊరి చరిత్ర రాసుకునే మనిషి. ఆ హోమ్‌లో చనిపోయిన పిల్లల మరణ ధ్రువపత్రాలు ఒక్కొక్కటీ తన డబ్బుతో కొని తెప్పించింది. 796 వచ్చాయి. చుట్టుపక్కల శ్మశానాల రికార్డులు తిరగేస్తే దాదాపు ఎవరి పేరూ లేదు. మరి ఈ పిల్లలంతా ఎక్కడ? 2014లో ఈ విషయం ప్రపంచానికి తెలిసింది. మొదట్లో ఆవిడ మాట కొట్టిపారేసినవాళ్లు చాలామంది. 2017లో అధికారిక కమిషన్ తవ్వి చూస్తే వాడుకలో లేని మురుగునీటి కట్టడంలోని గదుల్లో పసిపిల్లల ఎముకలు దొరికాయి. 2021 నివేదిక ప్రకారం ఇలాంటి 18 సంస్థల్లో సుమారు 9,000 మంది పిల్లలు చనిపోయారు. ట్యూమ్‌లో పూర్తి తవ్వకం 2025 జూలైలో మొదలైంది.

ఆ పిల్లలందరికీ జ్ఞానస్నానం ఇచ్చే ఉంటారు. జ్ఞానస్నానం పొందిన బిడ్డను ఎలా పూడ్చిపెట్టాలో చర్చికి తెలియదా? మా ఊళ్లో బీదవాడి బిడ్డ పోయినా గురువు వచ్చి, ప్రార్థన చెప్పి, మట్టి వేసేవాడు. ఐర్లండ్ జనానికి గుండె పగిలింది ఇక్కడే. చర్చి తమకు నేర్పిన ధర్మాన్ని చర్చే పాటించలేదు. ఆ ధర్మం నిజంగా నమ్మినవాళ్లే ఎక్కువ కోపగించుకున్నారు. బయటికి వెళ్లినవాళ్లలో అంతరాత్మ లేనివాళ్లు ఉండొచ్చు గానీ, ఎక్కువమందిని బయటికి నడిపించింది అంతరాత్మే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఓట్ల కథ త్వరగా చెబుతాను. 1983లో గర్భస్రావ నిషేధాన్ని రాజ్యాంగంలో చేర్చాలా అని అడిగితే 67 శాతం ఔనన్నారు. మరుసటి ఏడాది జనవరిలో గ్రానార్డ్ అనే ఊళ్లో ఒక పదిహేనేళ్ల బడిపిల్ల మరియమాత గుహ పక్కన ఒంటరిగా బిడ్డను కని చనిపోయింది. బిడ్డా పోయాడు. ఆ తర్వాత గే బర్న్ అనే రేడియో వ్యాఖ్యాతకు దేశం నలుమూలల నుంచి ఆడవాళ్లు ఉత్తరాలు రాశారు, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోని తమ కథలు. వాటిని రేడియోలో చదివి వినిపించారు. 1992లో బిషప్ ఈమన్ కేసీకి ఒక కొడుకున్నాడని బయటపడింది. 1979లో పోప్ వచ్చినప్పుడు గాల్వేలో యువతను ఉత్సాహపరిచింది ఈయనే. 1994లో బ్రెండన్ స్మిత్ అనే గురువు పిల్లలపై చేసిన ఘోరాల కేసు వ్యవహారంలో ఏకంగా ప్రభుత్వమే పడిపోయింది. 1995లో విడాకుల నిషేధం ఎత్తేయాలా అంటే 9,114 ఓట్ల తేడాతో ఔనన్నారు. 2015లో స్వలింగ వివాహానికి 62 శాతం ఔనన్నారు. ఆ రోజు డబ్లిన్ ఆర్చిబిషప్ డియర్మడ్ మార్టిన్ చర్చి వాస్తవాన్ని చూడాలన్నారు. మర్ఫీ కమిషన్‌కు మేత్రాసనం ఫైళ్లు వేలకొద్దీ అప్పగించిందీ ఆయనే. చర్చిలో ఇలాంటివాళ్లూ ఉన్నారు. వాళ్లు ఆలస్యంగా వచ్చారన్నదే నా బాధ.

2012 అక్టోబరులో గాల్వే ఆసుపత్రిలో సవితా హలప్పనవర్ చనిపోయింది. కర్ణాటక బెళగావి అమ్మాయి, 31 ఏళ్లు, డెంటిస్టు. పదిహేడు వారాల గర్భం నిలవదని తేలిపోయింది. తీసేయమని అడిగింది. శిశువు గుండె కొట్టుకుంటోంది కాబట్టి చేయలేమన్నారు. ఇది కాథలిక్ దేశం అని ఒక మిడ్‌వైఫ్ ఆమెతో అన్నట్టు తర్వాత విచారణలో ఒప్పుకుంది. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం పోయింది. మనలాంటి ఇంటి పిల్ల, ఉద్యోగం కోసం వెళ్లిన పిల్ల. మా అమ్మాయి కూడా ఆ దేశంలోనే నర్సుగా పనిచేస్తోంది కాబట్టి నాకు ఈ వార్త మామూలు వార్త కాలేదు.

2016లో ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. ఓటర్లలో నుంచి యాదృచ్ఛికంగా 99 మందిని ఎంపిక చేసి, సుప్రీంకోర్టు న్యాయమూర్తి మేరీ లాఫాయ్ అధ్యక్షతన పౌరసభ ఏర్పాటు చేసింది. డాక్టర్లు, లాయర్లు, గర్భస్రావం చేయించుకున్న స్త్రీలు, దాన్ని వ్యతిరేకించేవాళ్లు, అందరి మాటా ఐదు వారాంతాలు కూర్చుని విన్నారు. చివరికి ఆ సభ చట్టం మార్చాలని చెప్పింది. 2018 మేలో ఓటింగ్ పెడితే 66.4 శాతం ఔనన్నారు. 1983 నాటి నిష్పత్తే, దాదాపు తిరగబడి వచ్చింది. దేశంలో డోనెగల్ ఒక్కటే కాదంది. గర్భస్రావం మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, నాదీ తేలికైన అభిప్రాయం కాదు. కానీ ఇంత సున్నితమైన విషయాన్ని కత్తులు దూసుకోకుండా కూర్చుని మాట్లాడుకున్న తీరు మనం నేర్చుకోదగ్గది.

ఇంతమాత్రాన ఐర్లండ్ నాస్తిక దేశమైందని అనుకోకండి. ప్రభుత్వ టీవీలో సాయంత్రం ఆరింటికి మరియమాత ప్రార్థన గంట ఇప్పటికీ మోగుతుంది. ప్రాథమిక పాఠశాలల్లో పదింట తొమ్మిది దాకా ఇంకా కాథలిక్ చర్చి యాజమాన్యంలోనే ఉన్నాయి, టీచర్ల జీతాలు మాత్రం ప్రభుత్వానివి. దీనివల్ల దెబ్బతిన్నవాళ్లలో వలసవెళ్లినవాళ్లు ఎక్కువ. 2007లో డబ్లిన్‌కు ఉత్తరాన బాల్‌బ్రిగన్‌లో సీట్లు చాలక, జ్ఞానస్నానం పొందిన పిల్లలకు ముందు ఇస్తే, మిగిలిపోయినవాళ్లు దాదాపు అందరూ ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల పిల్లలు. వాళ్ల కోసం హడావుడిగా వేరే బడి తెరవాల్సి వచ్చింది. బడి సీటు కోసమే బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించిన తల్లిదండ్రులు కూడా ఉండేవాళ్లు. విశ్వాసం ఉన్నవాళ్లు కోప్పడాల్సింది దీని మీద. 2018 చట్టంతో కాథలిక్ ప్రాథమిక బడుల్లో ఆ నిబంధన పోయింది. బడులు కొన్నిటిని చర్చి నుంచి బదిలీ చేసే పని మాత్రం నత్తనడకన సాగుతోంది.

ఇంకో సంగతి మన హైదరాబాద్‌కు సంబంధించింది. 19వ శతాబ్దం మధ్యలో హైదరాబాద్ కాథలిక్కులకు తొలి బిషప్ డానియెల్ మర్ఫీ. ఐర్లండ్‌లో కార్క్ ప్రాంతం ఆయనది, మేనూత్ గురువిద్యాలయంలో చదివాడు. గన్‌ఫౌండ్రీలో ఉన్న ఆల్ సెయింట్స్ బడిని 1855లో పెట్టింది ఆయనే. ఐర్లండ్ అప్పుడు ప్రపంచమంతటికీ గురువుల్ని పంపేది. ఇప్పుడు ఆ మేనూత్‌లో గురువిద్యార్థులు బహుకొద్ది మంది. ఐర్లండ్ విచారణల్లో భారతీయ గురువులు పూజ చేస్తున్నారు. ఆదివారం గుళ్లో మలయాళీ నర్సులు, పోలండ్‌వాళ్లు, బ్రెజిల్‌వాళ్లు, నైజీరియావాళ్లు కనిపిస్తారు. అక్కడి క్రైస్తవం పోలేదు, మనుషులు మారారు. అధికారం లేని చిన్న చర్చి అది. మా అమ్మాయితో వెళ్లి ఆ పూజలో కూర్చున్నప్పుడు నాకు పరాయిగా అనిపించలేదు.

(సభలోంచి ఒకరు: "మరి మన దగ్గర కూడా ఇలాగే అవుతుందంటారా మాస్టారూ?")

మంచి ప్రశ్న. అలాగే అవుతుందని నేను అనుకోను. ఇక్కడ చర్చి చేతిలో ప్రభుత్వం ఎప్పుడూ లేదు. ఇక్కడ క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులు, వాళ్లకు చర్చి ఇచ్చింది చదువు, గౌరవం. ఐర్లండ్ బిషప్పు మంత్రిని దింపేశాడు, మన విచారణ గురువుకు ఎమ్మార్వో ఆఫీసులో పని కావాలంటే లైన్లో నిలబడాలి. కాబట్టి అక్కడి లెక్కలు తెచ్చి ఇక్కడ అతికించకూడదు.

ఒక్కటి మాత్రం రెండు చోట్లా ఒకటే. పిల్లలు పెద్దల చేతుల్లో ఉండే హాస్టళ్లు, బోర్డింగులు మనకూ ఉన్నాయి. క్రైస్తవ సంస్థలవే అనడం లేదు, ప్రభుత్వానివి, కార్పొరేట్ కాలేజీలవి, ఆశ్రమాలవి అన్నీ కలిపే అంటున్నాను. ఐర్లండ్‌లో తల్లిదండ్రులు గురువుకు చెప్పారు, గురువు బిషప్‌కు చెప్పాడు, బిషప్ ఫైలు బీరువాలో పెట్టాడు. అలా ముప్పై నలభై ఏళ్లు గడిచాయి. మనకు 2012 నుంచి పోక్సో చట్టం ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని అందులో ఉంది, చెప్పకపోతే శిక్ష కూడా ఉంది. ఫాదర్‌గారికి చెప్పాం, వార్డెన్‌కి చెప్పాం, వాళ్లు చూసుకుంటారులే అని ఆగకండి. పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, లేదా 1098కి ఫోన్ చేయండి. ఆ నంబరు ఈ గ్రంథాలయం తలుపు మీద రాయించమని నిర్వాహకులను అడుగుతున్నాను.